మిస్రీగోలాకు దాని కొమ్మ తిరిగి ఇచ్చే కాగితం

నిజామాబాద్ జిల్లా బోధన్ దగ్గర కాలువపల్లిలో కాపురముంటున్న శ్రావణ్ భార్య సుకన్య అనే నేను, ఇరవై ఏడేళ్ల దాన్ని, ఏడో తరగతి వరకు చదువుకున్న దాన్ని, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేతి రాతతో ఈ వీలునామా రాస్తున్నాను. నా గుండెలో ఒక కవాటం సరిగా మూసుకోవడం లేదు. దానికీ బుద్ధికీ సంబంధం లేదని హైదరాబాద్ డాక్టరమ్మే చెప్పింది. కాబట్టి జబ్బు మనిషి ఏదో రాసిందని దీన్ని పక్కన పెట్టడానికి వీల్లేదు.

బోధన్‌లో దస్తావేజులు రాసే పెద్దమనిషి ముందుగా ఒక కాగితం రాసి చూపించాడు. అందులో చరాస్తి ఉంది, స్థిరాస్తి ఉంది, చెట్టు లేదు. చెట్టు సంగతి అడిగితే "నేలతోని పాటే చెట్టు బిడ్డా, అలగ్ రాయరు" అన్నాడు. నా సంగతిలో నేల ఒకరిది, చెట్టు నాది. అందుకని పైన ఉన్న నాలుగు మాటలు ఆయన దగ్గర నేర్చుకుని, మిగతాది నేనే రాసుకుంటున్నాను.

జూలై పదో తారీఖున నాకు ఆపరేషన్. నేను తిరిగి వస్తాననే నమ్మకం నాకుంది. డాక్టరమ్మకూ ఉంది. కానీ మామిడికి అంటు కట్టే కాలం కూడా సరిగ్గా అదే. పునర్వసు కార్తెలో కట్టాలి, మూడు నెలలు తడి ఆరకుండా కాపాడాలి. ఆ మూడు నెలలూ నేను బరువు ఎత్తకూడదు, చెట్టెక్కకూడదు. వచ్చే ఏడు కడదామంటే అప్పటికి నా చెట్టు ఉండదు, ఆ చోట నా తమ్ముడి గది ఉంటుంది. అందుకే ఈ కాగితం.

రాహత్ బాగ్‌ను ఎరగని వాళ్ల కోసం రెండు మాటలు. నిజాంసాగర్ కాలువ నీళ్లు మా వైపు వచ్చిన కొత్తలో, దాదాపు తొంభై ఏళ్ల కిందట, ఒక జాగీర్దారు వేసిన తోట అది. ముందు కమాను, లోపల కొలను, కమాను నుంచి కొలను దాకా నడవడానికి రెండు వరసల మామిడి చెట్లు. మొత్తం ఇరవై నాలుగు. అన్నీ మిస్రీగోలా అనే ఒకే రకం. నిమ్మకాయంత గుండ్రంగా, పటికబెల్లంలాంటి తీపితో ఉండే కాయ. ఆ రకం మా చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు. తరవాత చూసేవాళ్లు లేక తోట పాడుబడింది. 2018లో ఆ జాగీర్దారు మనవలూ మనవరాళ్లూ కలిసి ట్రస్టు పెట్టి బాగు చేయించడం మొదలుపెట్టారు. అప్పటికి ఇరవై నాలుగు చెట్లలో ఒక్కటే మిగిలింది. నా భర్త అక్కడ మాలీగా, నేను రోజు కూలీగా చేరాం. పెళ్లై అప్పటికి ఏడాది.

ముందు కమానుకు సున్నం పట్టించారు. కొలను మెట్లు సరి చేశారు. జనం వచ్చి పది నిమిషాలు చూసి వెళ్లిపోయేవారు. కమాను దాటితే ఎటు నడవాలో తెలియదు, ఎండలో నిలబడలేరు. తోటలో దారి చెప్పేది చెట్లే. రాళ్లన్నీ బాగుచేసినా చెట్లు లేకపోతే అది ఎవరో వదిలేసిన ఇల్లులాగే ఉంటుంది. ఈ మాట ట్రస్టు మీటింగులో చెప్పాలని నాలుగుసార్లు అనుకున్నాను. నాలుగుసార్లూ చాయ్ కప్పులు అందించి బయటికి వచ్చాను.

ఇక నా ఏర్పాట్లు.

1. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత మా అత్తమ్మ తారాబాయికి ఇస్తున్నాను. ఇది విని అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయేది ఆమే. పెళ్లయిన కొత్తలో "మా కోడలు నాలుక నిజామాబాద్‌ల మర్శిపోయి వచ్చింది" అని వాడకట్టంతా చెప్పిన మనిషి. ఆ మాట నేను ఎనిమిదేళ్లుగా దాచుకున్నాను, ఇప్పుడు ఇక్కడ పెట్టేస్తున్నాను. కానీ నా మాట నెగ్గాలంటే గట్టి గొంతు కావాలి. బోధన్ సంతలో మరాఠీ వాళ్లతో మరాఠీలో, మనవాళ్లతో తెలుగులో కొట్లాడి, రెండు భాషల్లోనూ గెలిచి వచ్చేది ఆమె ఒక్కతే. ఈ కాగితాన్ని ఎవరు దాటినా ఆమె వెళ్లి వాళ్ల వాకిట్లో నిలబడితే చాలు. ఆరు నెలలుగా నన్ను నీళ్ల బిందె ఎత్తనివ్వకుండా తిడుతూ తనే మోస్తోంది. ఆ తిట్లలో ఏముందో నాకు తెలుసు.

2. నా సొంత ఆస్తిలో పెద్దది ఒక మామిడి చెట్టు. అది నిజామాబాద్‌లో మా అమ్మ వెంకటవ్వ ఇంటి వెనక ఉంది. వయసు ఆరేళ్లు. కొమ్మలు రేకుల దాకా వచ్చాయి. ఆ చెట్టు అక్కడికి ఎలా వచ్చిందో రాస్తాను, ఎందుకంటే మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది.

రాహత్ బాగ్‌లో పోశయ్య తాత అని పాత మాలీ ఉన్నాడు. తోట పాడుబడిన రోజుల్లో కూడా ఎవరూ పిలవకుండానే వచ్చి ఆ మిగిలిన ఒక్క చెట్టుకు నీళ్లు పోసినవాడు. 2018 వానాకాలంలో ఆయన నాకు అంటు కట్టడం నేర్పాడు. టెంక నుంచి మొలిచిన మామూలు మామిడి మొక్కను కుండీతో సహా పెద్ద చెట్టు కొమ్మ పక్కన పెట్టాలి. రెండింటికీ ఒక్కో వైపు పలచగా చెక్కి, గాయానికి గాయం ఆనించి, దారంతో చుట్టాలి. అతుకు కలిశాక పైన ఉన్న కొమ్మను తల్లిచెట్టు నుంచి కోసేస్తే, వేరు ఒకదానిది, తల ఇంకోదానిది అయిన మొక్క చేతికొస్తుంది. నేను పదేళ్ల వయసు నుంచి మా అమ్మతో కూర్చుని బీడీలు చుట్టిన దాన్ని. దారం ఎంత లాగాలో, ఎక్కడ ఆపాలో నా వేళ్లకు తెలుసు. నేను చుట్టింది చూసి తాత "బీడీల పిల్లవని తక్కువ జేసిన గని, దారం నీ దగ్గర్నే నేర్సుకోవాలె బిడ్డా" అన్నాడు. ఆ రోజు నేను అన్నం ఎక్కువ తిన్నాను.

అలా నేర్చుకోవడానికి కట్టిన మొదటి అంటు తాత నాకే ఇచ్చాడు. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్తూ ఒళ్లో పెట్టుకుని బస్సులో తీసుకుపోయాను. 2019 జనవరిలో సంజన పుట్టింది, ఆ వానాకాలం మొక్కను ఇంటి వెనక పాతాను. నేల మా అమ్మది. చెట్టు నాది. ఈ తేడాకు మా అమ్మ ఒప్పుకుంది, కింద వేలిముద్ర కూడా వేస్తుంది.

ఈ వేసవిలో అది మొదటిసారి కాసింది. పదకొండు కాయలు. పోశయ్య తాతకు ఒకటి తీసుకుపోయాను. ఆయన నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. టెంక దాకా చీకి, "గిదే" అన్నాడు. అంతకంటే పెద్ద సర్టిఫికెట్ నాకు అక్కర్లేదు. ఈ భూమ్మీద ఇప్పుడు మిగిలిన మిస్రీగోలా ఆ ఒక్క చెట్టే. బాగ్‌లోది ఏమైందో నాలుగో అంశంలో రాశాను. దానిని, దాని కొమ్మలతో సహా, రాహత్ బాగ్‌కు ఇస్తున్నాను. షరతు ఐదో అంశంలో ఉంది.

3. నా తమ్ముడు రాజేష్ ఆ చెట్టు ఉన్న చోట కార్తీకంలో గది వేయాలనుకుంటున్నాడు. వాడికి పెళ్లి కుదిరింది, గది కావాలి, అందులో తప్పేమీ లేదు. "అక్కా, నీ చెట్టు కిరాయి గిట్ల కడ్తదా ఏంది?" అని నవ్వుతాడు. రాజేష్, కడుతుంది. ఎండాకాలం నువ్వు కూలర్ ఆపేసి మంచం దాని కింద వేసుకున్నది నేను చూశాను. ఈ వానాకాలం, వచ్చే వానాకాలం చెట్టును ముట్టుకోకు. ఈ రెండేళ్లలో బాగ్‌కు కావలసిన కొమ్మలన్నీ వచ్చేస్తాయి. మేస్త్రీతో నేను మాట్లాడాను. మెట్లు తూర్పు గోడకు జరిపితే గదీ పడుతుంది, చెట్టూ ఉంటుంది. అయినా కొట్టాలనుకుంటే రెండేళ్ల తరవాత నీ ఇష్టం, నేను శాపం పెట్టను. ఆ రెండేళ్లు ఆగినందుకు కాపు ప్రతి ఏడూ నీదే. నీ పెళ్లానికి మొదటి పండు నా పేరు చెప్పి పెట్టు.

4. ఇది ఆస్తి కాదు, నిజం. ఇది అందరి ముందూ పైకి చదవాలి.

2020లో గాలివానకు బాగ్‌లోని పాత మిస్రీగోలా నడిమికి చీలింది. సగం ఎండిపోయింది. ఎండిన భాగం తీసేయమని ట్రస్టులో చెట్ల పని చూసే అఖిలేష్ సార్ ఫోన్‌లో చెప్పాడు. పోశయ్య తాత కంటి ఆపరేషన్‌కని పోచంపాడ్‌లో బిడ్డ దగ్గర ఉన్నాడు. సంక్రాంతి దాటాక, ఊళ్లో చెరకు నరికే పని జోరుగా ఉన్న రోజుల్లో, శ్రావణ్ గొడ్డలి పట్టుకుని చెట్టు ముందు నిలబడ్డాడు. నడుము ఎత్తున కొట్టి మోడు ఉంచుదామని ఆయన ఆలోచన. మానుకు మోకాలి ఎత్తున గాజు తొడిగినట్టు ఒక ఉబ్బు ఉంది. అదేమిటో మా ఇద్దరికీ తెలియదు.

అప్పుడు నేను అన్నాను: "చెరకు ఎట్ల కొడ్తం? భూమికి ఆనిచ్చి కొడ్తం. పైన మోడు ఉంచితే పిలక బలంగ రాదు. గిట్లనే కొట్టు." మా ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. చెరకును నేలకు ఆనించి నరికితే కింది నుంచి మళ్లీ బలమైన పంట వస్తుంది. నేను బీడీలు చుట్టే ఇంటి నుంచి వచ్చి చెరకు పని కొత్తగా నేర్చుకున్నాను. వచ్చిందని చూపించుకోవాలనిపించింది. శ్రావణ్ నవ్వి "బీడీల పిల్ల నాకు చెరకు నేర్పవట్టె" అన్నాడు. నేలమట్టంగా కొట్టాడు.

చిగుళ్లు వచ్చాయి. ఎంత బాగా వచ్చాయంటే మా అత్తమ్మ దిష్టి తీసింది. మూడేళ్లు మూడు కుండలతో నీళ్లు మోశాం. 2024 మే నెలలో కాసింది. ట్రస్టు పెద్దలంతా వచ్చారు. జాగీర్దారు మనవరాలు, ఎనభై ఏళ్ల పెద్దావిడ, చిన్నప్పుడు ఆ పండు తిన్నావిడ, ఒక ముక్క కొరికి, మిగతాది పళ్లెం అంచున పెట్టి, రుమాలుతో నోరు తుడుచుకుంది. పులుపు, పీచు. మర్నాడు పోశయ్య తాత వచ్చి మోడును చేత్తో తడిమి "అతుకు కింద కొట్టిండ్రు బిడ్డా. తలకాయ పోయింది. గిప్పుడు ఉన్నది వేరు చెట్టే" అన్నాడు. ఆ మోకాలి ఎత్తు ఉబ్బు అతుకట. కుండీలో వేలెడు మొక్కకు నా చేత్తో అతుకు కట్టిన దాన్ని, అంత పెద్ద మానుకు కూడా ఒకప్పుడు ఎవరో అలాగే దారం చుట్టి ఉంటారని నాకు తట్టలేదు.

ఎవరు కొట్టారని ట్రస్టు వాళ్లు అడిగారు. శ్రావణ్ "నేనే కొట్టిన" అన్నాడు. అది నిజమే. కొట్టమన్నది ఎవరో ఆయన చెప్పలేదు. ఆ రోజే మాలీ పని పోయింది. ఏడాదిగా చెరకు నరికే గుంపులతో పోతున్నాడు. ఊళ్లో "నేలమట్టం శ్రావణ్" అని పేరు పెట్టారు. మొన్న మాఘంలో ఒక పెళ్లిలో ఎవరో "శ్రావణన్నతోని గడ్డం గీయించుకోకుండ్రి, మెడ దాక తీస్తడు" అంటే పందిరంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. నేను అక్కడే పప్పు గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాను. తరవాతి బంతికి పప్పు వడ్డించాను. ఇంటికి వెళ్తూ దారిలో ఆయన నన్నేమీ అనలేదు. ఇప్పటి వరకూ అనలేదు.

కొట్టమన్నది నేను. ఆయన నా మాట విన్నాడు. ఇంతే. ఆ చెట్టు విషయంలో ఎవరైనా నవ్వదలిస్తే నా పేరు పెట్టి నవ్వండి.

5. అంటు ఇలా కట్టాలి, కట్టే చేయి శ్రావణ్‌ది కావాలి. ఇది ట్రస్టుకు నేను పెడుతున్న ఒకే ఒక షరతు. ఆయనను మళ్లీ మాలీగా తీసుకోకపోతే ఒక్క పుల్ల కూడా నిజామాబాద్ దాటదు. కొమ్మ నా ఆస్తి కాబట్టి ఈ మాట నేను అనగలను.

బాగ్‌లో పాత మోడు నుంచి వచ్చిన పుల్లటి చెట్టును కొట్టకండి. తల మారింది గానీ వేరు పాతదే. తొంభై ఏళ్ల వేరు, ఎంత ఎండకైనా లోపలి తడి అందుకుంటుంది. దాని మీద బలంగా ఉన్న ఆరు కొమ్మలు ఎంచి, వాటికి మా అమ్మ ఇంటి చెట్టు పుల్లలు అంటు వేయాలి. పెన్సిల్ మందం పుల్లలు పొద్దున్నే కోసి, తడిగుడ్డలో చుట్టి, మొదటి బస్సులో తెస్తే మధ్యాహ్నానికి కట్టేయొచ్చు. ఈ పద్ధతి అఖిలేష్ సార్ చూపించాడు. శ్రావణ్ నేర్చుకోవడానికి వేరే మామిడి పుల్లలతో నాలుగు కట్టి చూశాడు, మూడు పట్టుకున్నాయి. అంటు పట్టాక మిగతా పుల్లటి కొమ్మలు ఏడాదికి కొన్ని చొప్పున తీసేయాలి, ఒక్కసారిగా కాదు. రెండేళ్ల వరకు అత్తమ్మ తొక్కు పచ్చడికి కాయలు దొరుకుతాయి.

మిగతా ఇరవై మూడు చోట్లకు మొక్కలు కావాలి. అందుకు మా పెరట్లో సంచుల్లో నలభై ఒక్క మొలకలు ఉన్నాయి. ఆ రోజు పెద్దలు కొరికి వదిలేసిన పండ్ల టెంకలన్నీ నేను ఏరి తెచ్చి పాతిపెట్టాను. అవే ఇవి. పుల్లటి చెట్టు పిల్లలే, కానీ వేరుగా పనికొస్తాయి. వాటిని కుండీల్లోకి మార్చి నిజామాబాద్ తీసుకుపోయి, చెట్టు చుట్టూ కర్రలతో మంచె కట్టి, తాత నేర్పినట్టు కొమ్మకు ఆనించి కట్టాలి. ఈ ఏడు పన్నెండు, వచ్చే ఏడు పన్నెండు. అంతకంటే ఎక్కువ కడితే తల్లిచెట్టు నీరసిస్తుంది.

తాత నాకిచ్చిన అంటు కత్తి శ్రావణ్‌కు. పిడికి చుట్టిన దారం విప్పకూడదు, అది నా చేతి కొలత.

6. అఖిలేష్ సార్‌కు నా లెక్కల నోటుబుక్కు, ముళ్లు వేసిన తాడు ఇస్తున్నాను. సార్ మంచివాడు. నన్ను పేరు పెట్టి గారు అని పిలిచిన మొదటి మనిషి. కానీ పైనుంచి ఎగిరే కెమెరాతో తోట ఫోటోలు తీయించి, ఉన్న చెట్లకే పటం గీశాడు. లేని చెట్లు కెమెరాకు కనపడవు కదా. ఖాళీల్లో లారీతో తెచ్చిన అలంకారపు చెట్లు పెట్టించాడు. రెండు వేసవులు తిరిగేసరికి అవి చీపుళ్లయ్యాయి.

పోశయ్య తాత లెక్క వేరు. ఇరవై నాలుగు చెట్లూ సమదూరంలో ఉండేవి. ఆ దూరానికి ముళ్లు వేసిన తాడుతో, మిగిలిన ఒక్క చెట్టు నుంచి కొలుచుకుంటూ పోయాం. ముడి పడిన చోటల్లా తవ్వాం. బాగ్‌ది ఎర్ర మొరం నేల. తవ్విన చోట మాత్రం గుండ్రంగా, బండి చక్రమంత నల్లమట్టి తగిలింది. అప్పటివాళ్లు గుంత తీసి చెరువు మట్టితో నింపి మొక్క పెట్టారు. చెట్టు పోయి నలభై ఏళ్లైనా దాని గుంత ఇంకా నల్లగానే ఉంది. ఇరవై మూడు గుంతలూ దొరికాయి. ఏ గుంత ఎక్కడో నోటుబుక్కులో ఉంది. కొన్ని పేజీల్లో సంజన పిల్లి బొమ్మలు వేసింది, వాటిని చించకండి, వెనక వైపు కొలతలున్నాయి. కొత్త మొక్క పాత గుంతలోనే పెట్టాలి. అప్పుడే కమాను కింద నిలబడితే కొలను చెట్ల మధ్య నుంచి కనిపిస్తుంది. పక్కకు నాలుగడుగులు జరిగినా కనిపించదు. నేను నిలబడి చూశాను.

7. మా మామ రామ్‌దాస్‌కు నా తరఫున ఒక విన్నపం, ఒక పాత కోపం. బాగ్ పడమటి గోడ పక్కన మన చెరకు. కోత అయ్యాక ఆకు తగలబెట్టినప్పుడు మంట గోడ దాటి ఎనిమిది వేపచెట్లు ఒకవైపు మాడాయి. "వేప గట్టి చెట్టు, ఏం గాదు" అన్నావు మామా. ఐదు బతికాయి, నిజమే. మూడు చనిపోయాయి. ఇక మీద గోడ నుంచి పదడుగులు ఆకు గుంజి, నీళ్లు చల్లి, గాలి లేనప్పుడు కాల్చు. అసలు కాల్చకుండా నేలకే పరిచి ఉంచితే ఇంకా మంచిది. చనిపోయిన మూడింట్లో నడిమి మోడును తీయకండి, దాని తొర్రలో పైడికంటె అనే చిన్న గుడ్లగూబ గూడు పెట్టుకుంది. మామకు నా స్టీలు చాయ్ గిన్నె ఇస్తున్నాను. దాంట్లో చేసిందే ఆయనకు నచ్చుతుంది, ఎవరు చేశారో చెప్పకపోతే.

8. మా అమ్మకు నా బీడీ చాట, ఆకు కత్తిరించే కత్తెర తిరిగి ఇస్తున్నాను. ఎనిమిదో తరగతికి పంపకుండా చాట ముందు కూర్చోబెట్టావని నీ మీద నాకు చాలా ఏళ్లు కోపం ఉండేది అమ్మా. బాపు పోయిన ఏడాది అది. నీకు ఇంకో దారి లేదని తెలిసేసరికి నాకే ఒక బిడ్డ పుట్టింది. ఆ కోపం ఇప్పుడు లేదు. ఆ దారమే ఈ రోజు నాకు పనికొచ్చింది. చెట్టు మొదట్లో బీడీ ఆకు ముక్కలు వేస్తూ ఉండు, దానికి పడుతున్నాయి.

9. నా బిడ్డ సంజనకు నా వెండి పట్టీలు. ఆమెకు పన్నెండేళ్లు వచ్చాక ఇవ్వాలి. ఇరవై మూడు గుంతల్లో కమానుకు ఎడమవైపు మొదటి గుంతలో మొక్క ఆమె చేత పెట్టించాలి. నీళ్లు కూడా ఆమే పోయాలి. వారానికి రెండుసార్లు చాలు, చెరకుకు పెట్టినట్టు రోజూ పారిస్తే వేరు కుళ్లుతుంది. స్కూల్లో సంజన ఎక్కువ మాట్లాడుతోందని టీచరమ్మ నాకు రెండుసార్లు చెప్పింది. ఆ అలవాటు ఎవరూ మాన్పించవద్దు.

10. నేను తిరిగి వస్తే ఈ కాగితం పెట్టెలో ఉంటుంది, మిగతా అంశాలు అప్పటికి ఆగుతాయి. ఐదో అంశం ఆగదు, పునర్వసులో మొదలుపెట్టాల్సిందే. నాలుగో అంశం కూడా నా చావు కోసం ఆగనక్కర్లేదు. దాన్ని అత్తమ్మ చేత చదివించాలని మొదట రాసుకున్నాను, గట్టి గొంతు అని. నిన్న ఆ మాట కొట్టేశాను. అబద్ధం నా నోట్లో దాగింది, నా నోటి నుంచే బయటికి రావాలి. ఈ రోజు సంతకానికి ముందు, బాగ్ కమాను కింద, పిలిచిన వాళ్లందరి ఎదుట నేనే చదువుతాను.

2025 జూన్ 29, ఆదివారం. రాహత్ బాగ్, కాలువపల్లి.

(సంతకం) సుకన్య

రెండో అంశానికి, మూడో అంశానికి నా ఒప్పుదల: వెంకటవ్వ, నిజామాబాద్. (వేలిముద్ర)

సాక్షుల మాట. పైన సంతకం చేసిన సుకన్య ఈ కాగితాన్ని మా ఇద్దరి ఎదుట మొదటి నుంచి చివరి దాకా పైకి చదివి, మా కళ్ల ముందే సంతకం చేసింది, ఆ వెంటనే మేము వేశాము. అక్కడ ట్రస్టు వాళ్లు, ఆమె ఇంటివాళ్లు, మా ఊరివాళ్లు కలిపి నలభై మంది దాకా ఉన్నారు. నాలుగో అంశం మధ్యలో ఆమె కాగితం మొహానికి దగ్గరగా పెట్టుకుని చదివింది. "ఇనొస్తలేదు" అని వెనక నుంచి ఎవరో అన్నారు. తారాబాయి లేచి "మూస్కోని ఇను" అని ఆయనకు చెప్పింది. సుకన్య ఆ అంశాన్ని మళ్లీ మొదటి నుంచి చదివింది. ఈసారి కొలను గట్టు మీద కూర్చున్నవాళ్లకు కూడా వినిపించింది. చదవడం అయిపోయాక శ్రావణ్ వచ్చి, ఆమె సంతకం చేసేదాకా కాగితం పట్టుకున్నాడు.

సాక్షికి వీలునామాలో ఏమీ రాసివ్వకూడదని రూలు. అంటు కత్తి పోశయ్యకే తిరిగి ఇవ్వాలని సుకన్య అనుకుంది. ఆయన "కత్తి శ్రావణ్‌కియ్యి బిడ్డా, నాకేం వద్దు. సాక్షి నేనే ఉంట" అన్నాడు.

సాక్షులు:
1. పోశయ్య, రాహత్ బాగ్ పాత మాలీ. (వేలిముద్ర)
2. లింగం, కాలువపల్లి పోస్ట్‌మాన్. పై మాటలు రాసింది నేనే. (సంతకం)